0.01 కీ 0.010 కీ మధ్య

ప్రతి ఏడూ జూలై వచ్చేసరికి మా అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్సులో పిజ్జా కూపన్లతో పాటు ఒక కాగితం వచ్చి పడుతుంది. నీళ్ళ సరఫరా చేసేవాళ్ళు పంపించే వార్షిక నివేదిక అది. అమెరికాలో వుండే మనవాళ్ళందరికీ వస్తుంది, చదివినవాళ్ళని మాత్రం నేనింతవరకు చూడలేదు. మా రూమ్మేట్ అయితే ఎంచక్కా దాన్ని స్టవ్ పక్కన పరిచి పోపు పెట్టాడు, నూనె చిందకుండా. నూనె మరకల్లోంచి ఒక వరస కనపడింది: ఆర్సెనిక్, పరిమితి 10, మీ నీళ్ళలో 3.

ఆర్సెనిక్ అంటే పాషాణం. మనం తాగే నీళ్ళలో 3 పాళ్ళ పాషాణం వుంది, 10 దాకా వుండొచ్చు అని గవర్నమెంటే రాసి పంపిస్తోంది! సరే, ఈ 10 ఎక్కడినుంచి వచ్చింది అని తవ్వడం మొదలుపెట్టాను. ఒక వారాంతం పోయింది, ఆ పైవారం కూడా పోయింది. సైన్సూ రాజకీయమూ ఎలాగూ వుంటాయనుకున్నా. నేను అనుకోనిది ఇంకోటి కనపడింది. ఈ కథలో అసలు బరువు మోసింది ఏ ఊళ్ళోనో పంపు ఆన్ చేసే ఒక మనిషి. ఆ మనిషికి ఈ రూలు అర్థమయ్యేలా చెప్పడానికి పట్టిన కష్టం, రూలు రాయడానికి పట్టిన కష్టం కంటే తక్కువేం కాదు.

ముందు కొలత సంగతి. 10 అంటే 10 పీపీబీ, వంద కోట్ల పాళ్ళలో పది పాళ్ళు. ఇలా అనుకోండి, వంద కోట్ల సెకన్లంటే దాదాపు 32 ఏళ్ళు. ఆ 32 ఏళ్ళలో పది సెకన్లు. లీటరు నీటిలో పది మైక్రోగ్రాములు. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఇది ఎవడో ఫ్యాక్టరీవాడు కలిపింది కూడా కాదు చాలాచోట్ల. భూమిలో రాళ్ళలో వున్నదే బోరు నీళ్ళలోకి దిగుతుంది.

అమెరికాలో పాత పరిమితి 50. దీన్ని పెట్టింది 1942లో, వాళ్ళ పబ్లిక్ హెల్త్ సర్వీసు. అది కూడా ఊళ్ళ కోసం కాదు, రాష్ట్రాల మధ్య తిరిగే రైళ్ళలో, ఓడల్లో ఇచ్చే నీళ్ళ కోసం! దీర్ఘకాలం తాగితే వచ్చే క్యాన్సర్ గురించి అప్పటికి లెక్కలు లేవు. 1962లో అదే సంస్థ, వేరే మంచి నీళ్ళు దొరికే పనైతే 10 దాటకుండా చూసుకోండి అని సలహా ఇచ్చింది, కానీ తిరస్కరించే హద్దు మాత్రం 50 దగ్గరే వుంచేసింది. 1974లో ఫోర్డ్ సంతకంతో సురక్షిత తాగునీటి చట్టం వచ్చింది, 1975లో ఈపీఏ (పర్యావరణ రక్షణ సంస్థ) తాత్కాలిక ప్రమాణాలు అని చెప్పి ఆ 50నే కాపీ పేస్ట్ చేసింది. తాత్కాలికం అన్నది పాతికేళ్ళు నడిచింది. మన ప్రాజెక్టుల్లో తర్వాత మారుద్దాం అని కామెంటు పెట్టి హార్డ్‌కోడ్ చేసిన అంకెలు ఏమవుతాయో మీకు తెలుసుగా :)

ఈలోగా తైవాన్ నుంచి కబుర్లు వచ్చాయి. నైరుతి తైవాన్‌లో లోతు బావుల నీళ్ళు తాగే పల్లెల్లో జనానికి కాళ్ళు నల్లబడి కుళ్ళిపోయే జబ్బు వుండేది. 1968లో అక్కడ నలభై వేల పైచిలుకు మందిని పరీక్షించి చర్మ క్యాన్సర్‌కీ నీళ్ళలో పాషాణానికీ లంకె చూపించారు. తర్వాతి దశాబ్దాల్లో మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లు కూడా జాబితాలో చేరాయి. 1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచన విలువని 50 నుంచి 10కి దించేసింది. 1999లో అమెరికా జాతీయ పరిశోధన మండలి, మా 50 ప్రజారోగ్యాన్ని కాపాడే అంకె కాదు, వీలైనంత త్వరగా దించండి అని తేల్చి చెప్పింది.

మరి ఎంతకి దించాలి? ఈ చోటు నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఇక్కడ ఎవరూ దాపరికం లేకుండా మాట్లాడారు. క్యాన్సర్ కారకం కాబట్టి ఆశయం సున్నా. టెక్నాలజీతో చేరుకోగలిగేది 3. 2000 జూన్‌లో ఈపీఏ ప్రతిపాదించింది 5. చివరికి 2001 జనవరి 22న అచ్చయిన రూలులో వున్నది 10. క్లింటన్ 1996లో సంతకం పెట్టిన సవరణల్లో ఒక వెసులుబాటు వుంది: ఖర్చుకి తగ్గ లాభం లేదనుకుంటే, సాధ్యమైనదానికంటే కాస్త పైన ఆగొచ్చు. దాన్ని వాడుకున్నారు. అంటే మా రూమ్మేట్ పోపు కాగితం మీది 10, ఇంతవరకు క్షేమం అన్న గీత కాదు, బేరం కుదిరిన చోటు.

బేరం ఎవరితో అంటారా? చిన్న ఊళ్ళతో. ఈపీఏ అప్పటి అంచనాల ప్రకారం ఈ రూలు కింద కొత్తగా ఏదో ఒకటి చేయాల్సిన నీటి వ్యవస్థలు దాదాపు 4,000. అందులో 97 శాతం పదివేల మంది కంటే తక్కువ జనానికి నీళ్ళిచ్చేవి. పెద్ద ఊళ్ళో వున్న కుటుంబానికి ఏడాదికి 86 సెంట్ల నుంచి 32 డాలర్ల దాకా అదనపు ఖర్చు. చిన్న వ్యవస్థల్లో 38 నుంచి 327 డాలర్ల దాకా. అదే పాషాణం, అదే నీళ్ళు, జనం తక్కువైతే తలసరి బిల్లు ఎక్కువ.

2001 మార్చిలో కొత్తగా వచ్చిన బుష్ ప్రభుత్వం రూలుని ఆపేసింది, మళ్ళీ చూస్తామంది. పెద్ద గొడవ అయ్యింది. నీళ్ళలో పాషాణం పెంచుతున్నారు అన్నది రాజకీయంగా ఎంత తేలికైన నినాదమో వేరే చెప్పక్కర్లేదు. సెప్టెంబరులో పరిశోధన మండలి రెండో నివేదిక, ప్రమాదం మేము ముందు చెప్పినదానికంటే ఎక్కువే అంది. అక్టోబరు 31న ఈపీఏ అధినేత క్రిస్టీన్ విట్‌మన్ 10కే కట్టుబడి వుంటాం అని ప్రకటించారు. గడువు 2006 జనవరి 23. టీవీల్లో కథ అక్కడితో అయిపోయింది.

ఊళ్ళలో మొదలైంది కూడా అక్కడే.

అమెరికా చట్టంలో పబ్లిక్ నీటి వ్యవస్థ అంటే న్యూయార్క్ నగరమే కానక్కర్లేదు. 15 కనెక్షన్లు వున్నా, ఏడాదిలో కనీసం 60 రోజులు ఓ పాతిక మందికి నీళ్ళిచ్చినా చాలు. మొబైల్ హోమ్ పార్కు కావచ్చు, సొంత బోరున్న బడి కావచ్చు, మూడొందల గడప వున్న ఊరు కావచ్చు. అలాంటిచోట ఆపరేటర్ అంటే ఒక్కడే. పంపు అతనే చూస్తాడు, మురుగు అతనే, చలికాలం మంచు తోసేదీ అతనే. మన పంచాయతీ ట్యాంకు దగ్గర నీళ్ళు వదిలే ఆయన గుర్తొచ్చాడు నాకు. పైపు ఎక్కడ పగిలిందో చప్పుడు విని చెప్పేస్తారు ఇలాంటివాళ్ళు. కానీ లేబొరేటరీ కాగితం మీద లీటరుకి 0.018 మిల్లీగ్రాములు అని వుంటే, రూలు కాగితం మీద 10 మైక్రోగ్రాములు అని వుంటే? 0.018 అన్నది 10 కంటే చాలా చిన్నదిగా కనపడుతుంది. నిజానికి అది 18, పరిమితికి దాదాపు రెట్టింపు.

నవ్వొస్తే ఆగండి. రూలు రాసినవాళ్ళే ఇక్కడ తప్పులో కాలేశారు. 2001 రూలు పాఠంలో పరిమితిని లీటరుకి 0.01 మిల్లీగ్రాములు అని రాశారు. రెండు దశాంశ స్థానాలు. ఇప్పుడు ఒక బోరులో 0.014 వచ్చిందనుకోండి, రెండు స్థానాలకి రౌండ్ చేస్తే ఎంత? 0.01. పాస్! అంటే 10 అని దేశమంతా కొట్టుకుని సాధించిన పరిమితి, రౌండింగు వల్ల చడీచప్పుడూ లేకుండా 14 అయిపోయే వీలుంది. 2003 మార్చిలో ఈపీఏ సవరణ ప్రచురించింది. ఏం మార్చారయ్యా అంటే చివర ఒక సున్నా చేర్చారు. 0.010. నా వుద్యోగ జీవితంలో చూసిన బగ్ ఫిక్సులన్నిట్లోకీ ఈ ఒక్క సున్నా నాకు ఎక్కువ గౌరవంగా అనిపించింది. టైపు చేయడానికి ఒక్క అక్షరం, దాని వెనకాల 11, 12, 13, 14 దగ్గర వున్న ఊళ్ళన్నీ వున్నాయి.

చిన్నవాళ్ళకి చెప్పే పని మాత్రం ఒక సున్నాతో అయ్యేది కాదు. 1996లో ఇంకో చట్టం వచ్చింది, చిన్న సంస్థల మీద ప్రభావం వుండే రూలు ఏది తెచ్చినా దానితో పాటు మామూలు భాషలో ఒక గైడు కూడా రాసి ఇవ్వాలని. అలా 2002లో ఆర్సెనిక్ రూలుకి గైడు వచ్చింది. 2003లో చిన్న వ్యవస్థల కోసం శుద్ధి పద్ధతుల చేతిపుస్తకం వచ్చింది, డెసిషన్ ట్రీలతో సహా. నేను అది తెరిచి చూశాను. మనం ఇంజినీరింగులో చదివిన ఫ్లోచార్టులే. అసలు శుద్ధి అవసరమా, పక్క బోరు నీళ్ళు కలిపితే దిగుతుందా, నీళ్ళలో ఇనుము ఎంత వుంది, ఇనుముకీ ఆర్సెనిక్‌కీ నిష్పత్తి 20 దాటిందా... ఇలా అవును, కాదు అనుకుంటూ వెళ్తే చివర ఒక పెట్టెలో మీకు సరిపడే పద్ధతి వుంటుంది. ఇనుము ఎక్కువున్నచోట కథ సులువు, ఇనుముని దించే ఫిల్టరే పాషాణాన్ని కూడా పట్టుకుని దించేస్తుంది.

పుస్తకం రాసేస్తే ఆ మంచు తోసే ఆయన చదువుతాడా? అందుకని మనుషులు బయల్దేరారు. అమెరికాలో గ్రామీణ నీటి సంఘాలకి సర్క్యూట్ రైడర్లు అని ఒక ఏర్పాటు వుంది, 1980 నుంచి కేంద్ర వ్యవసాయ శాఖ డబ్బుతో. ఆ పేరు పాతకాలంలో గుర్రమెక్కి ఊరూరా తిరిగి ప్రవచనం చెప్పిన మెథడిస్టు పాస్టర్లది. వీళ్ళు గుర్రం బదులు పికప్ ట్రక్కేసుకుని, కొలిచే సామాను వెనకాల పడేసుకుని ఊరూరా తిరుగుతారు. టౌన్‌హాల్లోనో ఫైర్ స్టేషన్‌లోనో పాఠం చెప్తారు, తర్వాత పంపు గదిలోకి వెళ్ళి చేతులు పెడతారు. మన దగ్గర వ్యవసాయ విస్తరణాధికారి పొలానికి వచ్చినట్టు అనుకోండి (వస్తే!).

ఆ పాఠాల్లో ఏం చెప్పాల్సి వుంటుందో చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. నీళ్ళలో పాషాణం రెండు రూపాల్లో వుంటుంది. ఒకటి ఫిల్టరుకి తేలిగ్గా దొరుకుతుంది, రెండోది మామూలు పీహెచ్ దగ్గర విద్యుదావేశం లేకుండా వుండి జారిపోతుంది. జారిపోయేదాన్ని ముందు ఆక్సీకరణ చేసి మొదటిదిగా మార్చాలి. గాలి కొడితే చాలదు, క్లోరిన్ కావాలి. ఎన్నో ఏళ్ళుగా మా బోరు నీళ్ళు స్వచ్ఛం, క్లోరిన్ ముట్టని నీళ్ళు అని గొప్పగా చెప్పుకునే ఊరికి వెళ్ళి, ఇకనుంచి క్లోరిన్ కలపండి అని చెప్పాలి. ఊరివాళ్ళ దృష్టిలో ఇన్నాళ్ళూ మంచి నీళ్ళు, ఇప్పుడు గవర్నమెంటు వచ్చి మందు కలిపిస్తోంది. మా తాత తొంభై ఏళ్ళు ఇవే నీళ్ళు తాగి బతికాడు అన్న వాదనకి జవాబు చెప్పడం ఎంత కష్టమో, మనూళ్ళో సిగరెట్ల గురించి వాదించినవాళ్ళకి తెలుసు.

తర్వాత ఇనుప ఆక్సైడ్ రేణువులు నింపిన ట్యాంకు. చిన్న ఊళ్ళకి ఇది బాగా అమ్ముడుపోయింది, ఎందుకంటే పెట్టి వదిలేయొచ్చు అనిపిస్తుంది. నీళ్ళు అందులోంచి పోతూ వుంటాయి, పాషాణం రేణువులకి అంటుకుంటూ వుంటుంది. చిక్కల్లా అవి నిండిపోయిన రోజు. ఫాస్ఫేటు, సిలికా లాంటివి కూడా అదే సీటు కోసం పోటీ పడతాయి, పీహెచ్ ఎక్కువుంటే ఇంకా త్వరగా నిండుతుంది. కాబట్టి పక్క ఊళ్ళో ఏడాది వచ్చిన సరుకు మన ఊళ్ళో నాలుగు నెలలకే అయిపోవచ్చు. అయిపోయినట్టు ఏ గంటా మోగదు. నీళ్ళు అలాగే తెల్లగా, రుచిగా వస్తూ వుంటాయి. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. బోరునీళ్ళ వ్యవస్థ మామూలుగా ఇవ్వాల్సిన నమూనా మూడేళ్ళకి ఒకటి, పరిమితి దాటితే అప్పుడు మూణ్ణెల్లకొకటి. మానిటరింగ్ లేని సర్వర్ని ప్రొడక్షన్‌లో పెట్టి ఇంటికి పోయినట్టు వుంటుంది, ఆపరేటర్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే.

అందుకే ఈ పాఠాలన్నిట్లో ముఖ్యమైనది కెమిస్ట్రీ కాదని నా అభిప్రాయం. పెట్టాక దీని ఖర్చు ఏడాదికి ఎంత అన్న ఒక్క ప్రశ్న. కట్టడానికి గ్రాంటు దొరుకుతుంది, నడపడానికి దొరకదు. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో కౌంటీలో లనారే అని పేద ఊరు వుంది, ఆరొందల మంది వుంటారేమో. ప్రభుత్వం సొమ్ము పదమూడు లక్షల డాలర్ల దాకా పెట్టి అక్కడ ఆర్సెనిక్ ప్లాంటు కట్టారు. కొన్ని నెలలు నడిచింది. నడిపే ఖర్చు బిల్లుల్లోంచి రాలేదు, అప్పులు పెరిగాయి, ప్లాంటు మూసేశారు. జనం మళ్ళీ సీసా నీళ్ళు కొనుక్కున్నారు, మూతపడిన ప్లాంటు పక్కనే. కొత్త బోర్లు వచ్చి నీళ్ళు బాగుపడేసరికి దాదాపు పదేళ్ళు దాటింది. ఇక్కడ ఎవర్ని తిట్టాలో నాకు తేలలేదు. రూలు తప్పు కాదు, ప్లాంటు పనిచేయనిది కాదు. ఆరొందల మందికి అంత మెషీను అన్నదగ్గరే తేడా కొట్టింది. చిన్న వ్యవస్థలకి గడువు పొడిగింపులు ఇచ్చే వీలు రూలులోనే వుంది, 3,300 మంది లోపు ఊళ్ళకి 2015 దాకా కూడా. పొడిగింపు అంటే అన్నేళ్ళు అవే నీళ్ళు తాగడం అని కూడా అర్థం.

నెవాడాలో ఫాలన్ అనే ఊరిది ఇంకో రకం. అక్కడి నీళ్ళలో 100 దగ్గర వుండేది, పాత 50కి కూడా రెట్టింపు. దశాబ్దాల పాటు అలాగే తాగారు. కొత్త రూలు వచ్చాకే, 2004లో, శుద్ధి ప్లాంటు మొదలైంది. పక్కన నౌకాదళ వైమానిక స్థావరం వుండటం వాళ్ళ అదృష్టం అనుకోవాలి, ఖర్చు పంచుకునేవాళ్ళు దొరికారు. లనారే పక్కన ఎవరూ లేరు.

మరి ఇంత తతంగం వల్ల ఫలితం వుందా? వుంది. 2017లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 2003 నుంచి 2014 మధ్య జనం మూత్రంలో పాషాణం కొలిచిన జాతీయ సర్వే లెక్కలు తీసుకుని చూస్తే, పబ్లిక్ నీళ్ళు తాగేవాళ్ళలో నీటి ద్వారా వచ్చే పాషాణం 17 శాతం తగ్గింది. ఏడాదికి 200 నుంచి 900 దాకా క్యాన్సర్ కేసులు తప్పి వుంటాయని వాళ్ళ అంచనా. సొంత బోరు వున్నవాళ్ళలో మాత్రం తగ్గలేదు. వాళ్ళకి రూలు లేదు, సర్క్యూట్ రైడరూ లేడు. 17 శాతమేనా అనిపిస్తుంది కానీ, దేశం మొత్తం మీద సగటు అది. మన ఫైర్ స్టేషన్ పాఠాలు, చివర చేర్చిన సున్నా, అన్నీ కలిసి అందులో వున్నాయి.

మన ఉపఖండంలో ఈ కథ ఇంకా ఘోరం, అది వేరే టపా అవుతుంది. బంగ్లాదేశ్‌లో ప్రతి ఇల్లూ తనకి తానే నీటి సరఫరా సంస్థ, పెరట్లో చేతిపంపు వుంటుంది కాబట్టి. అక్కడ 2006 దాకా దాదాపు 50 లక్షల పంపులు పరీక్షించి, 50 దాటినవాటికి ఎర్ర రంగు, మిగిలినవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. ఎర్రవి 14 లక్షల దాకా తేలాయి. దశాంశాలు లేవు, మిల్లీగ్రాముల గొడవ లేదు. చదువురాని ఇల్లాలికి కూడా అర్థమయ్యే యూజర్ ఇంటర్‌ఫేస్. అయితే ఆకుపచ్చ పంపులో 11 నుంచి 49 దాకా ఎంతైనా వుండొచ్చు. రంగు ఎంత తేలికో అంత మొరటు కూడా. మనకి నల్గొండ ఫ్లోరైడ్ తెలుసు, పటిక, సున్నం వేసి దించే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. అక్కడా సూత్రం సులువే, రోజూ సరిగ్గా కొలిచి వేసే మనిషి దగ్గరే కష్టం.

ఇదంతా చదివిన ఊపులో వుండగా మొన్న ఒక ఫ్రెండు ఫోన్ చేశాడు. న్యూజెర్సీలో కాస్త దూరంగా ఇల్లు కొంటున్నాడు, పెద్ద యార్డు, సొంత బోరు. అక్కడ బోరున్న ఇల్లు చేతులు మారేటప్పుడు నీళ్ళు పరీక్ష చేయించాలని చట్టం వుంది. రిపోర్టు వచ్చింది.

"అంతా క్లీన్ రా. ఆర్సెనిక్ 0.007 అంట, అంటే జీరోయే కదా."

వీడు నాతోపాటు ఇంజినీరింగ్ చదివాడు. మ్యాథ్స్‌లో నాకంటే ఎక్కువ మార్కులు.

"పక్కన యూనిట్ ఏం రాశారో చూడు" అన్నాను.

"మిల్లీగ్రామ్స్ పర్ లీటర్."

"వెయ్యితో గుణించు. న్యూజెర్సీ 2006లోనే పరిమితిని 5కి దించేసింది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఫిల్టర్ ఎవడు పెట్టించాలి, నేనా, అమ్మేవాడా?" అన్నాడు. అది లాయర్ని అడగాలి, నాకు తెలీదు. ఫిల్టరు పెట్టాక మళ్ళీ పరీక్ష చేయించాలి, ఏడాదికోసారైనా చేయించుకుంటూ వుండాలి అని మాత్రం చెప్పాను. క్యాలెండర్లో రిమైండర్ పెట్టుకుంటానన్నాడు.